సాఫ్ట్‌వేర్ చందా కట్టేముందు షరతులు చదవండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ ఇళ్ళకు వెళ్ళి వ్యాయామ శిక్షణ ఇస్తుంటాను. ముప్పై మంది క్లయింట్లున్నారు. హాజరు, ఫీజు, వాళ్ళ కొలతలు ఇప్పటిదాకా నోటుపుస్తకంలో, వాట్సాప్‌లో నడిపాను. వీటన్నిటికీ ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుందామనుకుంటే, ఏడాది చందా 24,000 రూపాయలు ముందే కట్టాలట, తిరిగి ఇవ్వరట. అది సరిగా పనిచేయకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు కదా? ఇంకా ఏం చూసుకోవాలి?

జవాబు: కమిషన్‌ను నమ్ముకుని డబ్బు కట్టకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి సేవ తీసుకున్నవారిని వినియోగదారులుగా గుర్తించదు. స్వయం ఉపాధితో బతికేవారికి మినహాయింపు ఉన్న మాట నిజమే. 1986 నాటి చట్టంలో, 2002 సవరణ తరువాత, అది వస్తువులకూ సేవలకూ వర్తించేది. కొత్త చట్టం వివరణలో ‘వస్తువులు’ మిగిలాయి, ‘సేవలు’ అన్న మాట పోయింది. సాఫ్ట్‌వేర్ చందా సేవే కాబట్టి మీ ఫిర్యాదు చెల్లదని అవతలి న్యాయవాది మొదటి వాయిదాలోనే వాదిస్తారు. మీలా ఒంటరిగా కష్టపడేవారికి ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఫిర్యాదు వేయవద్దని అనను. మీరు ఉండేది బెంగళూరు కనుక ఇక్కడే వేయవచ్చు, రెండేళ్ళ గడువుంది, 5 లక్షల లోపు చెల్లింపులకు రుసుము లేదు. గెలుపు మాత్రం ఖాయం కాదు.

అందువల్ల మీ అసలు రక్షణ ఒప్పందంలోనే ఉండాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ చెబుతోంది. ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిలో టిక్కు పెడితే సంతకం చేసినట్టే అనుకోండి.

షరతుల్లో మొదట వెతకవలసింది, మానేసిన రోజున మీ రికార్డులు ఎలా చేతికొస్తాయన్నది. నా దగ్గరకు వచ్చిన ఒక శిక్షకుడు చందా గడువు దాటిన మర్నాడు యాప్ తెరిస్తే, తెర మీద డబ్బు కట్టమనే మీట తప్ప ఇంకేమీ లేదు. పన్నెండు క్లాసుల ప్యాకేజీలో ఎవరికి ఎన్ని మిగిలాయో తెలియక క్లయింట్లు చెప్పిన లెక్కే ఒప్పుకున్నారు. ఆయన నాకు చూపిన పాత నోటుపుస్తకంలో ప్రతి పేరు ఎదుటా టిక్కులు వరుసగా ఉన్నాయి, యాప్ కొన్న వారం దగ్గర ఆగిపోయాయి. రికార్డులన్నీ ఎక్సెల్ ఫైలుగా ఎప్పుడైనా దించుకోవచ్చని, గడువు ముగిశాక కూడా కనీసం 30 రోజులు ఆ వీలుంటుందని సంస్థ చేత ఈమెయిల్‌లో రాయించుకోండి. వివాదాలు ముంబయి కోర్టులోనో విదేశంలోనో తేల్చుకోవాలనే షరతు ఉందేమో చూడండి. 24,000 రూపాయల కోసం అక్కడిదాకా ఎవరు వెళ్తారు? అలాంటిచోట ఏడాది చందా వద్దు, నెలవారీగా కట్టండి.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే. క్లయింటుకు చక్కెర వ్యాధి ఉందా, మోకాలికి ఆపరేషన్ అయిందా అన్నవి మీరు రాసుకుంటారు. శారీరక ఆరోగ్య స్థితి, వైద్య చరిత్ర సున్నితమైన సమాచారమని సమాచార సాంకేతిక చట్టం కింద వచ్చిన 2011 నియమాలు చెబుతున్నాయి. వాటికి మూలమైన, ఆ చట్టంలోని 43ఎ సెక్షన్ ఒంటరి యాజమాన్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అంటే మీరూ అందులో ఉన్నారు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు ఆ తరువాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. దాని ప్రకారం సాఫ్ట్‌వేర్ సంస్థ మీ తరఫున పనిచేసేది మాత్రమే, క్లయింటుకు జవాబుదారీ మీరే. ఒక్కో క్లయింటు నుంచి లిఖితపూర్వక సమ్మతి తీసుకోండి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే తల్లిదండ్రుల నుంచి తీసుకోండి. శరీర ఫొటోలు యాప్‌లో పెట్టకపోవడమే మంచిది.

చందా దానంతటదే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటుంటే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి డబ్బు తీసే 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. 15,000 రూపాయలు దాటితే మళ్ళీ మీ ఓటీపీ కావాలి. రద్దు చేసే దారి కావాలని దాచిపెడితే అది 2023 నాటి కేంద్ర మార్గదర్శకాలు నిషేధించిన చందా ఉచ్చు. ఆ తెరలు ఫొటో తీసి ఉంచుకోండి.