కీచుమనే రికార్డింగులను సరిదిద్దే పని వృత్తి అవుతుందా?

ప్రశ్న: పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్సు చదువుతున్నాను. మా వీధి భజన బృందం పాటలను కండెన్సర్ మైకుతో రికార్డు చేసి, ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తున్నాను. తాళాలు, స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. గొంతుకు నిండుదనం ఎలా వస్తుంది? ఈ పనినే వృత్తిగా ఎంచుకోవచ్చా?

జవాబు: తప్పకుండా ఎంచుకోవచ్చు. అయితే సాఫ్ట్‌వేర్‌ కన్నా ముందు, ఆ కీచుదనం ఎక్కడ పుట్టిందో గుర్తించే చెవి మీకు కావాలి. చవకైన కండెన్సర్ మైకుల్లో చాలావరకు పై స్థాయి ధ్వనులను కొంత పెంచి పట్టుకుంటాయి. వాటికి సిమెంటు గోడల ప్రతిధ్వని, మైకు దగ్గరే మోగే కంచు తాళాలు తోడైతే, పాడినవారి గొంతు ఎంత మెత్తనిదైనా పలచబడిపోతుంది.

కొత్తవారు సాధారణంగా బేస్ పెంచుతారు, దానితో పాట మసకబారుతుంది. మీరు ముందు తగ్గించడం నేర్చుకోండి. వేర్వేరు స్థాయిల ధ్వనులను విడివిడిగా పెంచే, తగ్గించే ఈక్విలైజర్‌లో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య గుచ్చుకునే చోటు వెతికి, అక్కడ 2, 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గించండి. స, ష ధ్వనులు ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి కనుక వాటి పదును తగ్గించే డీ-ఎస్సర్ అనే సాధనం వాడండి. అది ఆ అక్షరాలు పలికే క్షణాల్లోనే పనిచేస్తుంది. అప్పటికీ గొంతు పలచగా ఉంటే 200 హెర్ట్జ్ దగ్గర ఒకటి రెండు డెసిబెల్స్ పెంచి, స్వల్పంగా శాచురేషన్ (ధ్వనికి నిండుదనం తెచ్చే కొద్దిపాటి వక్రీకరణ) చేర్చవచ్చు. పాత, కొత్త రూపాలను ఒకే శబ్ద స్థాయిలో పెట్టి పోల్చండి, ఎందుకంటే బిగ్గరగా వినిపించేదే మేలైనదని చెవి భ్రమపడుతుంది. గొంతూ తాళాలూ ఒకే ట్రాక్‌లో ఉంటే, తాళాలను అణచిన ప్రతిసారీ సాహిత్యం స్పష్టత కూడా తగ్గుతుంది. దానికి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు, తాళాలవారిని మైకుకు దూరంగా కూర్చోబెట్టడమే.

చదువు విషయానికి వస్తే, భౌతికశాస్త్రాన్ని వదలకండి. మీ ఒడిశా రాష్ట్రంలోనే కటక్‌లోని బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ సంస్థలో ధ్వని విభాగపు డిప్లొమా ఉంది. డిగ్రీ తరువాతైతే 1960లో ఏర్పడిన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ ఉన్నాయి. తెలుగు, ఒడియా రెండూ చెవికి పట్టిన మీకు డబ్బింగ్ పనుల్లో అది నిజమైన బలం. సాఫ్ట్‌వేర్‌కు అదనంగా జోడించే ఖరీదైన ప్లగిన్లకు ఇంట్లో డబ్బు అడగవద్దు. మూల రికార్డింగును వేవ్ ఫైలుగా చెక్కుచెదరకుండా దాచి, సరిదిద్దిన రూపంతో పాటు ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాసిపెట్టుకోండి. ప్రవేశ ఇంటర్వ్యూలోనైనా స్టూడియోలోనైనా మీరు చూపవలసినది అదే.