మిరపకాయ, క్యాన్సర్ కణం, మా అమ్మాయి రీసెర్చ్

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాం. అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. మిరపకాయలోని పదార్థం ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను చంపుతుందని చదివి, నీట్ వద్దు, రీసెర్చ్ చేస్తానంటోంది. మా నాన్నగారికి ఆ జబ్బే ఉంది. ఆ చదువుతో బతకగలదా అని టెన్షన్‌గా ఉందండి.

జవాబు: ముందు మీ నాన్నగారి సంగతి. కారం పెంచితే జబ్బు తగ్గుతుందనుకోకండి, డాక్టరు మందులు మానకండి. అమ్మాయి చదివింది నిజమే. 2006లో లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్యకేంద్రం పరిశోధకులు, కారం పుట్టించే క్యాప్సైసిన్ ఇస్తే ల్యాబులో పెంచిన ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు తమను తామే చంపుకుంటున్నాయని చూపించారు. అది తిన్న ఎలుకల్లో గడ్డలు, తినని వాటి గడ్డల సైజులో ఐదో వంతే ఉన్నాయి. అయితే అది ఎలుకల దగ్గరి మాట. రోగులకు మందుగా ఇంకా రుజువు కాలేదు.

ల్యాబులో చచ్చిన కణం మనిషి ఒంట్లో ఎందుకు చావకపోవచ్చు? ఈ ప్రశ్న అమ్మాయిని అడిగి చూడండి. జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు. రెండు రోజులు దాని వెంటే తిరిగిందంటే ఆ కోరికను తేలిగ్గా తీసుకోకండి.

దారి ఉంది. బైపీసీ వాళ్లూ ఐఐఎస్ఈఆర్ (సైన్స్ చదువు, రీసెర్చ్ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలు) ప్రవేశపరీక్ష రాయవచ్చు, తిరుపతిలోనే ఒక క్యాంపస్ ఉంది. ఆ పరీక్షలో లెక్కల ప్రశ్నలు కూడా ఉంటాయి కాబట్టి ఇప్పటినుంచే మొదలుపెట్టాలి. మిగతా మూడు సబ్జెక్టులూ నీట్‌వే, అందుకే నీట్ కూడా రాయించండి. ఐదేళ్ల చదువయ్యాక సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. ఇరవై ఎనిమిదో ఏడు దాకా స్టైపెండ్ మీదే బతకాలి, పెళ్లి సంబంధాల వాళ్లు ఇంకా చదువేనా అంటారు. అది తట్టుకోగలరేమో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

కణాలను పెంచడం మీ చెరువు లాంటిదేనండి. వేడి, మేత, శుభ్రం ఒక్క రోజు తప్పినా పంట పోతుంది. ఓ నెల రోజులు చెరువు లెక్కల పుస్తకం అమ్మాయికే ఇవ్వండి. పీహెచ్, ఆక్సిజన్, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) మిగిలిన మేత రోజూ తనే చూసి రాయాలి. నెలయ్యాక ఆ పుస్తకంలో తనేం గమనించిందో నాకు రాయమనండి.