స్టోన్‌హెంజ్‌కి నాన్నగారిని నిశ్చింతగా తీసుకెళ్లండి

మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు ఇంగ్లండ్‌లోని ఆ ప్రాచీన రాతి వలయం, స్టోన్‌హెంజ్ దగ్గర అంత దూరం నడవగలరా అని అడిగారు కదండీ. అంత నడవక్కర్లేదు. విజిటర్ సెంటర్ నుంచి రాళ్లు సుమారు 2 కిలోమీటర్లు, షటిల్ బస్సు దగ్గరిదాకా దింపుతుంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఎండ చూసి మోసపోకండి, అంతా బయలు కదా, గాలి కోసేస్తుంది. మా అత్తయ్య కొంగు తలకి చుట్టుకుని బస్సు దిగనే లేదు!

మధ్యాహ్నం దగ్గర్లోని సాల్స్‌బరీ ఊళ్లో కెథెడ్రల్, అంటే పెద్ద చర్చి, చూపించండి. ఇంగ్లండ్ రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టా మూలప్రతులు మిగిలినవి నాలుగే, ఒకటి అక్కడుంది. చర్మపత్రం మీద చీమల బారులా లాటిన్ అక్షరాలు. నాకైతే రాళ్లకంటే అదే నచ్చింది.

అన్నట్టు, పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ పాస్‌లో స్టోన్‌హెంజ్ వస్తుంది గానీ లండన్ టవర్ రాదు. అది వేరే సంస్థది.