జేబులో పెడితే ఆగిపోతున్న యాప్

ప్రశ్న: సార్, మాది పలాస. మా మావయ్య జీడిపిక్కల వ్యాపారానికి నేనే ఒక ఆండ్రాయిడ్ యాప్ రాశాను. డ్రైవర్లు ఊళ్లలో బస్తాలు తూచి తూకం ఎక్కిస్తారు, వ్యాన్ ఎక్కడుందో ఇక్కడ మ్యాప్‌లో కనబడాలి. రెండిటికీ ఒకటే బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ (తెర వెనక నడిచే భాగం) పెట్టాను. ఫోన్ జేబులో పెట్టిన కాసేపటికే ఆగిపోతోంది. అప్పజెప్పిన పనిని వీలు చూసి చేసిపెట్టే ఆండ్రాయిడ్ వర్క్‌మేనేజర్‌కి మారిపోనా?

జవాబు: సగం మారండి. మీ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చోకండి, 2017లో ఆండ్రాయిడ్ 8 వచ్చిన దగ్గర్నుంచి, యాప్ తెర మీద లేకపోతే మామూలు సర్వీసుని కొద్ది నిమిషాల్లోనే ఆపేస్తోంది.

తూకం లెక్కలకి తొందరేం లేదు, మందస కొండల వైపు సిగ్నల్ ఎలాగూ అంతంతమాత్రమే. ముందు ఫోన్‌లోనే దాచేసి, పంపే పని వర్క్‌మేనేజర్‌కి అప్పజెప్పి, నెట్ ఉన్నప్పుడే పంపమని షరతు పెట్టండి. ఫోన్ ఆపి ఆన్ చేసినా ఆ పని పోదు. కాకపోతే ఒకే ఎంట్రీ రెండుసార్లు వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతిదానికీ ఒక ఐడీ ఇచ్చి సర్వర్‌లో సరిచూడండి, లేకపోతే 80 కిలోల బస్తా 160 అయి కూర్చుంటుంది, మీ మావయ్యకి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే!

వ్యాన్‌కి మాత్రం ఇది పనికిరాదు. వర్క్‌మేనేజర్‌లో పదేపదే చేసే పనికి కనీస ఎడం 15 నిమిషాలు, కదలకుండా ఉన్న ఫోన్ డోజ్ అనే నిద్రలోకి జారుకుంటే ఇంకా ఆలస్యం, అప్పటికి హైవే మీద వ్యాన్ ఇంకో మండలంలో ఉంటుంది. దీనికి నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే ఫోర్‌గ్రౌండ్ సర్వీసే పెట్టాలి. డ్రైవర్ 'బయల్దేరాను' అని బటన్ నొక్కినప్పుడు, యాప్ తెర మీద ఉండగానే మొదలుపెట్టండి, ఎందుకంటే ఆండ్రాయిడ్ 12 వచ్చాక, యాప్ తెర మీద లేనప్పుడు దాన్ని మొదలెట్టడం దాదాపు కుదరదు. ఇలా చేస్తే 'ఎప్పుడూ లొకేషన్' అనే అనుమతి కూడా అడగక్కర్లేదు, అది అడిగితే డ్రైవర్లకి అనుమానం, మనకి టెన్షన్. ఆండ్రాయిడ్ 14కి తగ్గట్టు రాస్తుంటే, యాప్ వివరాలుండే మేనిఫెస్ట్ ఫైల్‌లో ఆ సర్వీస్ లొకేషన్ రకం అని తప్పక రాయాలి, లేదంటే యాప్ క్రాష్ అవుతుంది. 'చేరాను' నొక్కగానే సర్వీస్ ఆపేయండి.

ఇంత చేసినా కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ పొదుపు పేరుతో దాన్నీ చంపేస్తాయి. ఆ సెట్టింగ్ ప్రతి డ్రైవర్ ఫోన్‌లో మీరే దగ్గరుండి ఒకసారి మార్చి రావాలి, వేరే దారి నాకైతే దొరకలేదు.