పద్దెనిమిది నిండిన రాత్రి పాప ఎక్కడ పడుకుంటుంది?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. మా అక్క కూతురికి ఐదేళ్లప్పుడు తండ్రి, తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయారు. వాళ్లకు ఈమె ఒక్కతే సంతానం. నాలుగో తరగతి నుంచి బాలసదనంలో పెరిగింది. ఇప్పుడు ఇంటర్ బైపీసీ అయిపోతోంది. జూన్‌లో పద్దెనిమిది నిండుతాయి. ఆ తర్వాత ఉంచుకోలేమని హోంవాళ్లు ఫోన్ చేశారు. పాప అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తానంటోంది. నాకు నర్సింగ్ నయమనిపిస్తోంది. మా ఆవిడేమో ఇంకా చదువులెందుకు, మా తమ్ముడికిచ్చి చేద్దాం అంటోంది. మా అక్క పేరు మీద ఇరవై గుంటల పొలం ఉంది, అది అమ్మితే ఖర్చులకు ఇబ్బంది ఉండదు. రెండు కోర్సుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక మేనమామ

జవాబు: ముందు మీ గుండె కాస్త కుదుటపడే మాట చెబుతాను. హోంవాళ్లు ‘ఉంచుకోలేం’ అన్నంత మాత్రాన పుట్టినరోజు మర్నాడు పాపను పెట్టెతో సహా గేటు బయట నిలబెడతారని కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో 46వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి పిల్లల కోసమే ఉంది. పద్దెనిమిది నిండి హోం నుంచి బయటికొచ్చేవాళ్లకు 21 ఏళ్లు వచ్చేదాకా సర్కారు ఆసరా ఇవ్వొచ్చు. తప్పనిసరి పరిస్థితుల్లో 23 దాకా పొడిగించొచ్చు. దీన్ని ఆఫ్టర్ కేర్ అంటారు. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద దీనికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఆ డబ్బు పాప బ్యాంకు ఖాతాలోకే నేరుగా రావాలని నిబంధన. మీ ఖాతాలోకి కాదు, హోం ఖాతాలోకీ కాదు. ఆరు నుంచి ఎనిమిది మందిని ఒకచోట ఉంచే తాత్కాలిక వసతి, శిక్షణకాలంలో స్టైపెండ్, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్, ఇవన్నీ 2016 నాటి నమూనా నిబంధనల్లో రాసే ఉన్నాయి.

రాసి ఉన్నంత మాత్రాన దానంతటది జరగదు, అది వేరే సంగతి. పాప బయటికి రావడానికి రెండు నెలల ముందే ఆమె కోసం ఒక ప్రణాళిక తయారుచేసి బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. పెట్టారా అని అడిగేవాళ్లుంటే పెడతారు. అడిగేవాళ్లు లేని పిల్లల ఫైలు అలమరాలోనే ఉండిపోతుంది. కాబట్టి ఈ వారంలోనే జిల్లా బాలల సంరక్షణ అధికారి దగ్గరికి వెళ్లండి, డీసీపీఓ ఆఫీసు అంటే చూపిస్తారు. పాప చేత ఆఫ్టర్ కేర్‌కి దరఖాస్తు రాయించి, ఇచ్చినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా చెప్పి రావద్దు.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. ఏటా ఇంటర్ పరీక్షలు అయ్యేసరికి ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. రాసేవాళ్లు అత్తలు, బాబాయిలు, అమ్మమ్మలు. అందరూ ఏ కోర్సు అనే అడుగుతారు. అసలు భయం అది కాదని నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఈడొచ్చిన పిల్లను ఇంటికి తెచ్చుకుంటే ఎవరు చూస్తారు, తెచ్చుకోకపోతే ఊళ్లో ఏమంటారు, బయట ఒంటరిగా వదిలితే ఏమవుతుంది? ఈ భయం తప్పు కాదు. దీనికి జవాబు మాత్రం ‘సాఫ్ట్‌వేరా, నర్సింగా’ అన్నదాంట్లో దొరకదు. మామూలు ఇంటి పిల్లకైతే కోర్సు ముందు, హాస్టల్ తర్వాత. మీ మేనకోడలి విషయంలో వరస తిరగబడుతుంది. పద్దెనిమిది నిండిన రాత్రి ఎక్కడ పడుకుంటుంది, మర్నాడు పొద్దున ఎవరు అన్నం పెడతారు అన్నది ముందు తేలాలి. మంచమూ తిండీ ఉన్న కోర్సు ఏదో చూసుకుని, వాటిలోంచి ఎంచుకోవాలి.

ఆ లెక్కన అమీర్‌పేట గురించి నా అనుమానాలు దాచుకోను. మైత్రీవనం చుట్టూ ఫ్లెక్సీలు చూస్తే మూడు నెలల్లో ఎవరైనా డెవలపర్ అయిపోవచ్చనిపిస్తుంది. నిన్నమొన్నటి దాకా ఫుల్ స్టాక్, డేటా సైన్స్ అని ఉన్న బోర్డుల మీద ఇప్పుడు ఏఐ అని అంటించారు. లోపల చెప్పేది చాలాచోట్ల పాత నోట్సే. ఆ వీధుల్లో నేర్చుకుని బాగుపడినవాళ్లు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది బీటెక్కో డిగ్రీయో చేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు. కోర్సు వాళ్లకు పైమెరుగు మాత్రమే. ఫ్రెషర్ల ఉద్యోగ ప్రకటన ఏది తీసినా డిగ్రీ, మార్కుల శాతం, పాసైన సంవత్సరం అడుగుతారు. బైపీసీ ఇంటర్‌తో పంపిన రెజ్యూమె చాలా కంపెనీల్లో మనిషి కంటపడకముందే పక్కకు పోతుంది. పైగా 2023 నుంచి కొత్తవాళ్లను తీసుకోవడంలో కంపెనీల చెయ్యి బాగా బిగిసింది. ఇంజినీరింగ్ చదివినవాళ్లే ఆఫర్ లెటర్ పట్టుకుని నెలల తరబడి జాయినింగ్ కోసం ఎదురుచూశారు.

ఇంకో సంగతి ఎవరూ లెక్కేయరు. కోర్సు మూడు నెలలే, ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాది పక్క మంచం అమ్మాయికి వాళ్ల నాన్న ఒకటో తారీకున ఫోన్‌పే చేస్తాడు. మీ మేనకోడలికి ఎవరు చేస్తారు? ఆఫ్టర్ కేర్ 4,000 వచ్చినా అమీర్‌పేట హాస్టల్ బిల్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది. మూడో నెలకు హాస్టల్ అక్క ముఖం చూడలేని పరిస్థితి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక కన్సల్టెన్సీవాడు ఫోన్ చేస్తాడు. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, బ్యాక్‌డోర్‌లో లోపలికి పంపిస్తాం, లక్షో లక్షన్నరో కట్టండి అంటాడు. కట్టినవాళ్లలో కొందరికి దొంగ ఆఫర్ లెటర్ వస్తుంది. కొందరు నిజంగానే చేరి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికిపోయి బయటికొస్తారు. ఇల్లూ వాకిలీ ఉన్న పిల్లలు ఆ దెబ్బ నుంచి కోలుకుంటారు, ఊరెళ్లిపోయి ఆర్నెల్లు అమ్మ చేతి అన్నం తింటారు. మీరు అమ్ముదామనుకుంటున్న ఇరవై గుంటల డబ్బు చివరికి చేరేది ఇలాంటి చోటికేనని నా భయం.

అయితే పాపకు సాఫ్ట్‌వేర్ ఎందుకు కావాలో మీరు అడిగారా? మీ ఉత్తరంలో పాప మాట ఒక్క వాక్యం. పొలం లెక్క మాత్రం గుంటలతో సహా ఉంది. హోంలో పెరిగే ఆడపిల్లకు సొంత ఫోన్ ఉండదు, సొంత అలమరా ఉండదు, బయటికెళ్లాలంటే రిజిస్టర్‌లో సంతకం. సాఫ్ట్‌వేర్ అంటే ఆ పిల్ల కళ్లలో మెడలో ఐడీ కార్డు, తాళం తన దగ్గరే ఉండే ఒక గది. ఆ కోరికలో తప్పేముంది? అడిగి చూడండి, కంప్యూటర్ అంటే నిజంగానే ఇష్టమైతే దారి మూసుకుపోలేదు. బైపీసీ చదివినా బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) ద్వారా చేరొచ్చు. మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాల మహిళా డిగ్రీ కళాశాలల్లో సీటొస్తే మూడేళ్లు వసతీ భోజనమూ అక్కడే. డిగ్రీ చేతికొచ్చాక అమీర్‌పేట కోర్సు చేస్తానంటే నేనే పంపిస్తాను.

బీసీ అన్నాను గనక ఒక ముక్క. మన బీసీ-ఏ జాబితాలో ఇలాంటి పిల్లలకూ చోటుంది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ప్రభుత్వ హోంలోనో, గుర్తింపు ఉన్న హోంలోనో చేరినవాళ్లకు అది వర్తిస్తుంది. మీ మేనకోడలికి వయసు సరిపోతుంది. ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ వచ్చే కుటుంబమైతే దీని అవసరం లేదు, కాకపోతే తహసీల్దార్ ఆఫీసులో తప్పకుండా అడగండి. ఆ నిబంధనలో ఇంకో షరతు కూడా ఉంటుంది: చట్టప్రకారం గానీ ఆచారప్రకారం గానీ చూసుకునేవాళ్లు ఎవరూ లేనివాళ్లయి ఉండాలని. సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు తహసీల్దార్ మిమ్మల్ని చూసి ‘మీరేమవుతారు’ అని అడిగితే ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి. తొమ్మిదేళ్లలో పండక్కి ఎన్నిసార్లు తీసుకెళ్లారో హోం రిజిస్టర్‌లో ఉంటుంది.

నర్సింగ్ విషయంలో మీ ఆలోచన మంచిదే. ఇంటర్ తర్వాత చేసే నర్సింగ్ డిప్లొమా, జీఎన్‌ఎం, మూడేళ్లు. ప్రభుత్వ నర్సింగ్ స్కూల్లో సీటొస్తే హాస్టల్ ఉంటుంది, స్టైపెండ్ ఉంటుంది, చదువు అయ్యాక నర్సుగా పనిచేయడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్ వస్తుంది. మార్కులు బాగుంటే బీఎస్సీ నర్సింగ్ ఇంకా మేలు, నాలుగేళ్లు. ప్రైవేటు స్కూలైతే మాత్రం జాగ్రత్త. సొంత ఆస్పత్రి ఉందా, పిల్లలు వార్డుల్లో నిజంగా డ్యూటీలు చేస్తున్నారా, లేక హాజరు కాగితం మీదేనా అన్నది రెండో ఏడు చదివే అమ్మాయిల్ని అడిగితే చెబుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని చేర్చేస్తారు. అది సకాలంలో రాకపోతే ‘ముందు ఫీజు కట్టు, తర్వాత సర్టిఫికెట్లు తీసుకో’ అనే కాలేజీలు ఉన్నాయి. అప్పుడు మళ్లీ పాప దగ్గర డబ్బుండదు.

ప్రైవేటు ఆస్పత్రుల్లో కొత్త నర్సుకు ఇచ్చే జీతం చూస్తే ఎవరికైనా బాధేస్తుంది, అదీ దాచను. అయినా పెద్ద ఆస్పత్రులు చాలావరకు స్టాఫ్‌కి హాస్టల్ చూపిస్తాయి. 2024 మొదట్లో మన రాష్ట్రంలో ఒక్క విడతలోనే దాదాపు 7 వేల మంది నర్సులకు ప్రభుత్వ నియామక పత్రాలిచ్చారు. మళ్లీ ఎప్పుడిస్తారో మాట ఇవ్వలేను. జర్మనీ, జపాన్ వెళ్లాలనుకునే నర్సులకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పించి మరీ పంపుతోంది. రక్తం చూస్తే కళ్లు తిరిగే పిల్లయితే వీటిలో ఏదీ పనికిరాదు. ఆ సంగతి కూడా పాపే చెప్పాలి.

ఇక మీ ఆవిడ మాట. కోపం తెచ్చుకోకండి. పద్దెనిమిది నిండితే పెళ్లి చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ తొమ్మిదేళ్లు గోడల మధ్య పెరిగి, ఒక్కతే బస్సెక్కి ఎరగని పిల్లను, తిరిగి వెళ్లడానికి పుట్టిల్లు లేని పిల్లను, మీ బావమరిదికి కట్టబెడితే రేపు అక్కడ మాట తేడా వస్తే ఎవరింటికి రావాలి? మీ ఇంటికే కదా. మీ ఇల్లు ఆమెకు అత్తింటివాళ్ల ఆడపడుచు ఇల్లు కూడా అవుతుంది. ఆమె తరఫున మాట్లాడే మనిషి ఒక్కరూ మిగలరు. మీ ఆవిడను నేను తప్పుపట్టను, ఆమెకు ఇది బాధ్యత తీరిపోయే దారిలా కనిపిస్తోంది. మీకు మాత్రం అలా కనిపించకూడదు. మీరు మేనమామ. హోంవాళ్లు ఫోన్ చేసింది మీకు.

ఆ పొలం మీది కాదు. మీ అక్క ఆస్తికి ఇప్పుడు వారసురాలు పాపే, అందులో మీకు గుంట కూడా రాదు. ఖర్చులకు అమ్ముదామన్న మాట ఇక ఎక్కడా అనకండి. పద్దెనిమిది నిండగానే మీ అక్క, బావల మరణ ధ్రువపత్రాలతో పాప పేరున వారసత్వ మార్పిడికి దరఖాస్తు పెట్టించి, పట్టాదారు పాస్‌బుక్ ఆమె చేతికిప్పించండి. ఇన్నాళ్లూ ఆ పొలం ఎవరు దున్నుకుంటున్నారో, కౌలు ఎవరు తీసుకుంటున్నారో మీరు రాయలేదు, నేనూ అడగను. ఇకనుంచి ఆ కౌలు పాప ఖాతాలో పడితే చాలు.

కోర్సు ఏదైనా, జూన్‌లోపు చేయాల్సిన పని ఒకటుంది. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి హోం వంటింట్లో అరవై మందికి సాంబారు కాచడంలో చెయ్యి తిరిగిన మనిషి. అద్దె గదిలో తనొక్కదానికి వండుకోబోయి, గ్లాసెడు బియ్యమా అరగ్లాసా అని పక్క గది తలుపు కొట్టింది. మొదటి జీతం పదిహేను రోజులకే అయిపోయింది. దుబారా చేయలేదు. గ్యాసుకీ, కరెంటుకీ ముందే విడిగా తీసి పెట్టుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఈ ఎండాకాలం పాపను ఓ రెండు వారాలు మీ ఇంటికి తెచ్చుకోండి, హోంవాళ్లు కాగితం రాసి పంపిస్తారు. పనిమనిషిలా కాదు. ఐదొందలిచ్చి సంతకు పంపండి, మిగిలింది అడగకండి. బ్యాంకులో ఫారం ఆమే నింపాలి, మీరు పక్కన నిలబడండి. మైనర్ ఖాతా ఉంటే మేజర్ ఖాతాగా మార్పించాలి, లేకపోతే ఆ 4,000 మంజూరైనా తీసుకోవడానికి ఇబ్బంది. సూర్యాపేట నుంచి ఒక్కతే బస్సులో వెళ్లి రానివ్వండి. మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే చాలు.

ఆ ఆధార్‌లోనే అసలు చిక్కు. హోం పిల్లల ఆధార్‌కు చాలాసార్లు వార్డెన్ ఫోన్ నంబరో, ఎప్పుడో పనిచేసి బదిలీ అయిపోయిన ఉద్యోగి నంబరో ఉంటుంది. అడ్మిషన్‌కీ, స్కాలర్‌షిప్‌కీ, బ్యాంకుకీ వచ్చే ఓటీపీలన్నీ ఆ నంబరుకే వెళ్తాయి. సెంటర్‌కు తీసుకెళ్లి మార్పించండి. మార్పించేటప్పుడు మీ నంబరు ఇవ్వకండి. పాప పేరు మీద ఒక సిమ్, ఒక మామూలు ఫోన్ మీరే కొనివ్వండి. పొలం డబ్బుతో కాదు, మీ డబ్బుతో.