గవేన్ చదవబోతున్న శ్రావ్యకు

చిరంజీవి శ్రావ్యకు,

ఈ ఏడాది స్కూల్లో ‘సర్ గవేన్ అండ్ ద గ్రీన్ నైట్’ అనే మధ్యయుగపు ఇంగ్లీషు కావ్యం, ఆ తర్వాత మాలరీ రాసిన ఆర్థర్ రాజు కథలు ఉన్నాయనీ, మొదటి పేజీ చూడగానే నీకు టెన్షన్ పట్టుకుందనీ మీ అమ్మ చెప్పింది. “అసలిది ఇంగ్లీషేనా?” అన్నావట. ఇంగ్లీషే, కాకపోతే లండన్ ఇంగ్లీషు కాదు. పద్నాలుగో శతాబ్దం చివర, చాసర్ అనే కవి లండన్‌లో రాస్తున్న రోజుల్లోనే, పేరు తెలియని ఇంకో కవి ఈ గవేన్ కథను వాయవ్య ఇంగ్లండ్ మాండలికంలో రాశాడు. ఇవాళ్టి ఇంగ్లీషుకు చాసర్ భాషే దగ్గర. అందుకే ఆయన కాస్త లొంగుతాడు, ఈయన సతాయిస్తాడు. మనదాకా వచ్చింది ఒకే ఒక్క రాతప్రతి. 1731లో అది ఉన్న గ్రంథాలయానికి నిప్పంటుకున్నా అది బతికి బయటపడింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ముందు ఆధునిక అనువాదంలో కథంతా ఒక్క బిగిన చదివెయ్. సస్పెన్స్ పోతే పోయింది. తర్వాత మూలం తీసి రోజుకు ఒకటి రెండు చరణాలు గొంతెత్తి చదువు. పాదంలో ఒత్తి పలికే మాటలు చాలావరకు ఒకే ధ్వనితో మొదలవుతాయి. మన పద్యంలో యతిని పట్టినట్టే దీన్నీ చెవే పడుతుంది. చరణం చివర రెండు మూడు మాటల బుల్లి పాదం ఒకటి, దాని వెనకే అంత్యప్రాసతో నాలుగు పొట్టి పాదాలు వస్తాయి. కవి చురక అంటించేది చాలాసార్లు అక్కడే. తొందరలో వాటిని దాటెయ్యకు.

ఇక అసలు సంగతి. రొమాన్స్ (మధ్యయుగపు వీరగాథ) అనగానే గుర్రం, కత్తి, రాకుమారి అనుకుని చదివితే సగం పోతుంది. నైటు (రాజు కొలువులోని వీరుడు) ఇచ్చిన మాటలు ఒకదానితో ఒకటి ఎక్కడ ఢీకొంటున్నాయో వెతుకు. ఆకుపచ్చ వీరుడొకడు ఆర్థర్ సభకొచ్చి, ఇప్పుడు నా మెడ నరుకు, ఏడాదికి నీ మెడ మీద నేను వేటు వేస్తానంటే గవేన్ ఒప్పుకుంటాడు. ఆ మాట నిలబెట్టుకోవడానికి వెళ్తూ దారిలో ఒక కోటలో ఆగుతాడు. అక్కడి మూడో భాగమే తీసుకో. దానికి ముందే, రెండో భాగం చివర, కోట దొర గవేన్‌తో ఒప్పందం చేసుకుంటాడు: వేటలో నాకు దొరికింది నీకు, కోటలో నీకు దొరికింది నాకు. దొర అడవికి వెళ్లగానే దొరసాని గవేన్ పడకగదిలోకి వస్తుంది. కసిరితే మర్యాద తప్పినట్టు, లొంగితే అన్నం పెట్టిన దొరకు ద్రోహం. నోట్సులో మూడు రోజులకు మూడు గడులు గీసుకో. వేట ఒక పక్క: లేళ్లు, అడవిపంది, నక్క. ముద్దులు ఇంకో పక్క: ఒకటి, రెండు, మూడు. ఆ ముద్దులన్నీ సాయంత్రానికి గవేన్ బుద్ధిగా దొరకే ఇచ్చేస్తాడు! ఇక్కడ నవ్వు రాకపోతే మళ్లీ చదువు. మూడో రోజు మాత్రం ప్రాణం కాపాడుతుందని దొరసాని ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టును దాచుకుంటాడు. చివరికి ఆకుపచ్చ వీరుడి చేతిలో మెడ మీద పడే చిన్న గాటు దానికే.

తర్వాత గవేన్ ఆడవాళ్లందరినీ తిట్టిపోస్తాడు. ఇబ్బందిగా ఉందని ఆ భాగం వదిలెయ్యకు, అతణ్ణి వెనకేసుకు రావద్దు కూడా. తప్పు బయటపడ్డ మర్యాదస్థుడు ఎలా మాట్లాడతాడో కవి చూపిస్తున్నాడు. అతను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆర్థర్ సభ నవ్వి, తామంతా ఆకుపచ్చ పట్టీ వేసుకుంటామంటుంది. సభ నవ్వు పెద్దమనసా, తెలివితక్కువతనమా? వ్యాసానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు కనపడలేదు.

మాలరీకి టైమ్ చాలకపోతే చివరి భాగాలు పట్టుకో. ఆర్థర్ రాణిని మంటల నుంచి తప్పించే గొడవలో లాన్సెలాట్ అనే నైటు, ఆయుధం లేని గవేన్ తమ్ముడు గారెత్‌ని పోల్చుకోక చంపేస్తాడు. ఆ గారెత్‌ని నైటు చేసింది తానే. మాలరీ దీన్ని రాసింది జైల్లో, ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు వంశాలు కొట్టుకున్న గులాబీ యుద్ధాల కాలంలో. కాక్స్‌టన్ అచ్చువేసింది 1485లో. అన్నదమ్ముల్లాంటి వాళ్లు రెండు వర్గాలై కొట్టుకోవడం వాళ్లకు పాతకాలపు ముచ్చటేమీ కాదు.

ఒక్క జాగ్రత్త: వీటిని చరిత్రలా రాయకు. ఆర్థర్ రాజుదని చెప్పుకునే, ఇంగ్లండ్‌లోని వించెస్టర్ హాల్లో వేలాడే గుండ్రటి బల్ల పదమూడో శతాబ్దంలో చేయించింది. కథలు చదివిన రాజులు సరదాపడి బల్లలు చేయించుకున్నారు. దాని మీద రంగులైతే ఎనిమిదో హెన్రీ కాలానివి. సెలవుల్లో రా, తీసుకెళ్లి చూపిస్తా.

వ్యాసం మొదటి ప్రతి పంపు. ఎర్ర పెన్ను వాడనులే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ