వీడ్ షాపు లీగలే, మన వీసాకే కాదు

ఎడిసన్‌లో కొత్తగా దిగే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరైనా నన్ను అడుగుతారు: "అన్నా, వీడ్, అదే గంజాయి, షాపు పెట్టి, బిల్లు ఇచ్చి మరీ అమ్ముతున్నారు కదా, మనకేం భయం?" నిజమే, న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళకి గంజాయి అమ్ముతున్నారు. కానీ అది రాష్ట్రం ఇచ్చిన అనుమతి. మనకి వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు.

వీసా ఇచ్చే ఫెడరల్, అంటే కేంద్ర, ప్రభుత్వానికి 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ ఉంది. అందులో మత్తు పదార్థాలకి ఐదు షెడ్యూళ్ళు. వైద్యానికి పనికిరావని తేల్చిన హెరాయిన్, ఎల్ఎస్‌డీ లాంటివి మొదటిదాంట్లో. గంజాయినీ అప్పుడే తీసుకెళ్ళి వాటి పక్కన కూర్చోబెట్టారు. రెండులో కొకైన్, ఫెంటనిల్ అనే నొప్పి మందు, ఏకాగ్రతకని రాసే ఆడెరాల్. నాలుగులో నిద్రకి వాడే అల్ప్రాజోలం, నొప్పికి వాడే ట్రమడాల్. ఐదులో కొద్దిగా కోడీన్ కలిసిన దగ్గు మందులు. కొకైన్ రెండులో ఉండి గంజాయి ఒకటిలో ఉండడమేంటని నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. 2024లో గంజాయిని మూడుకి దించుదామని ప్రతిపాదన పెట్టారు కూడా. అది చూసి సంబరపడకండి. ఇమ్మిగ్రేషన్ చట్టానికి నంబరుతో పనిలేదు, ఐదింటిలో ఎక్కడున్నా ఒకటే.

"దొరికితే కదా!" అంటారు. దొరకక్కర్లేదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపేటప్పుడు డ్రగ్స్ చట్టం ఎప్పుడైనా ఉల్లంఘించారా అని అడుగుతారు. గ్రీన్‌కార్డు మెడికల్‌లో డాక్టరూ అడుగుతారు. కోర్టుకి వెళ్ళకపోయినా, ఆఫీసర్ ముందు "వీకెండ్‌లో ఒక గమ్మీ (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయి) తిన్నా" అని ఒప్పుకున్నా ఇరుక్కున్నట్టే. అబద్ధం చెబితే అది ఇంకో నేరం. మరో మెలిక ఉంది. సొంతానికి 30 గ్రాముల లోపు గంజాయితో ఒక్కసారి దొరికితే దేశం నుంచి పంపేయకుండా మినహాయింపు ఉంది. కానీ చెల్లెలి పెళ్ళికని ఇండియా వెళ్ళి, తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ క్యూలో నిలబడ్డారా, ఆ మినహాయింపు అక్కడ చెల్లదు.

పరీక్షలప్పుడు రూమ్మేట్ ఇచ్చే ఆడెరాల్ గురించి కూడా చెప్పాలి. వాడికి ప్రిస్క్రిప్షన్ ఉంది, మీకు లేదు. మీరు వేసుకోవడమూ నేరమే. స్నేహం కొద్దీ ఒక్క మాత్ర ఇచ్చినా చట్టం దృష్టిలో వాడు పంపిణీ చేసినట్టు. (జలుబు మాత్రకి ఫార్మసీలో ఐడీ అడిగితే మాత్రం కంగారుపడకండి. అందులో ఉండే సూడోఎఫెడ్రిన్‌తో మెత్ అనే మత్తుమందు వండుతున్నారని 2006 నుంచి అది ఎవరు కొన్నారో రాసుకుంటున్నారు, అంతే.)

ఇక అమ్మానాన్నల మందుల డబ్బా. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు అట్టపెట్టెలు బరువని పారేసి, స్ట్రిప్‌లన్నిటికీ రబ్బరు బ్యాండ్ వేసి, ఆవకాయ పక్కన కుక్కారు. కస్టమ్స్ ఆఫీసర్ అందులోంచి అల్ప్రాజోలం స్ట్రిప్ పైకెత్తి ఇదేంటన్నాడు. ఈవిడ చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసి, నిద్రకని సైగ చేశారట. మన దగ్గర నిద్రమాత్ర అంటే అదొక మామూలు మాత్ర. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపి పట్టుబడేది కూడా అదేనని ఆవిడకేం తెలుసు! బయట గంటన్నర టెన్షన్‌తో నిలబడ్డాను. చివరికి స్ట్రిప్ ఉంచేసుకుని మనిషిని వదిలారు.

ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి. మందులు కంపెనీ పెట్టెల్లోనే ఉండాలి, 90 రోజులకి మించకూడదు. డాక్టర్ చేత జెనెరిక్ పేర్లతో (బ్రాండు పేరు కాదు, అసలు మందు పేరు) ఇంగ్లీషులో ఉత్తరం రాయించాలి, అందులోని పేరూ పాస్‌పోర్టులోని పేరూ ఒకటై ఉండాలి. మొన్న సంక్రాంతి వెళ్ళాక వచ్చినప్పుడు, ఆఫీసర్ అడక్కముందే అత్తగారు ముందు మందుల ఫైలు తీసి కౌంటర్ మీద పెట్టారట. పాస్‌పోర్టు అడిగాక ఇచ్చారు.